రాజు పడేదాకా హారతి ఆగాలి

మా మామ రాజు వేషంలో ఎట్లా చచ్చిపోయాడో వాళ్ల ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చావు ఒక కంప్యూటర్ ఆటలోంచి వచ్చిందన్న సంగతి మాత్రం మామకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అమ్మకు కూడా చెప్పలేదు. డైరీలో రాసుకున్నాను కానీ, డైరీలో రాసుకోవడం ఒకరికి చెప్పడం కిందికి రాదు. మామ బాగానే ఉన్నాడు. నిన్న కూడా ఫోన్ చేసి సిరిసిల్లలో వాన పడిందా అని అడిగాడు. చచ్చింది వేషం మాత్రమే.

డిగ్రీ చదివినన్నాళ్లూ నేను మామ ఇంట్లో ఉన్నాను. మామ అంటే మా అమ్మకు అన్న. మా ఇల్లు సిరిసిల్ల, కాలేజీ జగిత్యాల. హాస్టల్లో చేర్పిస్తే ఉండలేకపోయాను. ఎవరైనా చూస్తుంటే అన్నం ముద్ద గొంతు దిగని పిల్లను నేను. అందుకని కోరుట్ల దగ్గరి ఆ పల్లెలో ఉండి, పొద్దున ఆటోలో కోరుట్ల దాకా, అక్కడి నుంచి బస్సులో జగిత్యాలకు పోయి వచ్చేదాన్ని. క్లాసులో హాజరు పిలిస్తే చెయ్యెత్తేదాన్ని. గొంతు లేచేది కాదు. సార్లు కూడా కొన్నాళ్లకు నా చెయ్యి కోసమే చూడడం నేర్చుకున్నారు.

మామ వయసులో ఉన్నప్పుడు సిరిసిల్లలో సాంచాలు నడిపాడు. కరెంటు మగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఆ షెడ్లలో ఎగిరే దూది పొట్టు ఎంతో కొంత ఆయన ఛాతీలోనే ఉండిపోయింది. తర్వాత సొంతూరికి వచ్చి పసుపు, మక్కజొన్న వేసుకున్నా ఆయాసం ఆయనతోనే వచ్చింది. డాక్టరు మందు పీల్చే డబ్బీ రాసిచ్చాడు. మామ దాన్ని బీడీ కట్టను దాచినట్టు దాచేవాడు. నిజం బీడీలు మాత్రం ఎప్పుడూ తాగలేదు.

ఆ ఊళ్లో పసుపు తవ్వకాలు అయిపోయాక చిరుతల భాగోతం ఆడతారు. చిరుతలంటే చేతుల్లో పట్టుకొని దరువు వేసే జోడు చెక్కలు. ఇరవై మంది మగవాళ్లు గుండ్రంగా తిరుగుతూ చెక్కలు వాయిస్తూ పాడుతుంటే మధ్యలో వేషాలు ఆడతాయి. వాళ్లు ఆడేది ఒక పాత కోట కథ. ముసలి రాజు చేతిలోంచి కోటను పడుచు రాజు గెలుచుకుంటాడు. చివరి రోజు యుద్ధం, ముసలి రాజు పడిపోవడం, మంగళహారతి. వేరే ఊళ్లలో లేని పద్ధతి ఒకటుంది అక్కడ. హారతి పళ్లెం మొదట గెలిచిన రాజు దగ్గరికి పోదు. పడ్డ రాజు దగ్గరికి పోతుంది. ఓడినా రాజే కదా అంటారు. ముసలి రాజు వేషం ఎప్పుడూ మామదే.

నా డిగ్రీ రెండో ఏడు, యుద్ధం మధ్యలో మామకు దమ్ము అందలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని వంగి నిలబడ్డాడు. హార్మోనియం పెద్దాయనకు చూపు తక్కువ. రాజు పడ్డాడనుకొని మంగళహారతి ఎత్తుకున్నాడు. పాట వినగానే ఆడవాళ్లు పళ్లెం పట్టుకొని వచ్చేసి, వంగి ఉన్న మామ ముక్కు కిందనే కర్పూరం తిప్పారు. ఆ పొగకు ఆయన మరింత దగ్గాడు. పడుచు రాజు వేషం వేసింది ఊళ్లో ఆటో నడిపే అతను. ఎత్తిన కత్తి దించాలో వద్దో తెలియక అట్లానే నిలబడ్డాడు. చచ్చిపోని రాజుకు హారతి అయిపోయింది. జనం నవ్వీ నవ్వీ లేచిపోయారు.

ఏడాది పొడుగునా మామను "హారతి రాజు" అన్నారు. కోరుట్ల మార్కెట్టుకు పసుపు తీసుకపోయినా అక్కడా ఎవరో ఒకరు, "ఏం రాజా, ఇయ్యాల బతికే ఉన్నవా, కర్పూరం తేవాల్నా?" అనేవారు. మామ నవ్వేవాడు. ఇంటికి వచ్చాక నవ్వేవాడు కాదు. భాగోతం నేర్పే గురువు ఇంటికే వచ్చి చెప్పిపోయాడు: "వచ్చేటేడు వేషం ఇంకొకలకు ఇద్దాం. నువ్వు కూసొని చూడు. తప్పేం లేదు."

"ఒక్కసారి పూర్తిగ పడనియ్యి. అటెనుక నేనే ఇడిసిపెడ్త," అన్నాడు మామ.

గురువు ఆలోచించి చెప్తానన్నాడు. మామకు కావలసింది అంతే. గెలవడం కథలోనే లేదు. పడాల్సిన చోట, పడాల్సినప్పుడు పడాలి.

ఇక నా సంగతి. నాన్న కొనిచ్చిన పాత లాప్‌టాప్ ఒకటి ఉండేది. దాంట్లో ప్రాజెక్టు పని చేస్తున్నానని అత్త అనుకునేది. చేసేదాన్నే. మిగిలిన వేళంతా కత్తియుద్ధం చేసేదాన్ని. ఎక్కడో ఐరోపాలో, కోటలూ గుర్రాలూ బురద దారులూ ఉన్న పాతకాలంలో జరిగే ఆట అది. లాప్‌టాప్ కాలిపోతుంటే అత్త స్టీలు పళ్లెం ఒకటి బోర్లించి దాని మీద పెట్టేదాన్ని. బొమ్మ తక్కువలో తక్కువ నాణ్యత మీద నడిచేది, మనుషుల ముఖాలు పిండిబొమ్మల్లా ఉండేవి. అయినా ఆ ఆట అంటే నాకు ప్రాణం.

ఎందుకంటే అందులో నేను మొదటిరోజే ఒక తాగుబోతు చేతిలో ఓడిపోయాను. అంతకుముందు చూసిన ఆటల్లో వీరుడు తనంత పొడుగు కత్తిని చీపురులా తిప్పుతాడు, పదిమంది పడిపోతారు. ఇందులో అట్లా కుదరదు. గాలిలో కత్తి ఊపిన ప్రతిసారీ దమ్ము తగ్గుతుంది. తెర కింద ఒక గీత ఉంటుంది, అది మన దమ్ము. అది అయిపోతే కత్తి లేవదు, కళ్ల ముందు మసక కమ్ముతుంది, చెవిలో మన మనిషి రొప్పు వినిపిస్తుంది. ఇనుప కవచం తొడుక్కున్నవాడిని ఎంత నరికినా కత్తి జారిపోతుంది. చంకలోనో మెడ దగ్గరో కవచం కలవని సందు చూసి పొడవాలి. ఎదుటివాళ్లు ఇద్దరైతే పారిపోవడం మంచిది. నేను చాలాసార్లు పారిపోయాను. పారిపోవడం తెలివి అని ఒప్పుకున్న ఆట నాకు అదొక్కటే దొరికింది. బయట నేను రోజూ చేసే పని అదే కదా.

ఒక మధ్యాహ్నం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఆడుతుంటే వెనక మామ వచ్చి నిలబడ్డాడని నాకు తెలియలేదు. ఎంతసేపు చూశాడో. నా భుజం తట్టాడు. నేను లాప్‌టాప్ మూయబోయాను.

"మూయకు. గా మనిషి ఎందుకు గట్ల వంగిండు?"

"ఆయాసం మామా."

"గీ గీతేంది?"

"దమ్ము. అయిపోతే కత్తి లేవదు. మళ్ల నిండేదాక ఆగాలె."

మామ పక్కన కింద కూర్చున్నాడు. ఆ గీత నెమ్మదిగా నిండుతుంటే కన్నార్పకుండా చూశాడు.

"గీ గీత నా కాళ్ల కింద గుడ ఉంటె హార్మోనియం ఆయినకు కనబడుతుండె," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన కూడా. ఆ విషయం మీద ఇంట్లో ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత పొలం నుంచి రాగానే కాళ్లు కడుక్కొని నా దగ్గరికి వచ్చేవాడు. "మన మనిషి ఎట్లున్నడు?" అని అడిగేవాడు. ఇట్లాంటివి ఆడతావా, చదువు లేదా అని ఒక్క మాట అనలేదు. నేను పుస్తకాలు చదువుతున్నప్పుడు ఎట్లా చప్పుడు చేయకుండా నడిచేవాడో ఆటప్పుడూ అట్లానే. నేను రహస్యంగా ఇష్టపడే వాటిలో ఒక పెద్దమనిషి వచ్చి కూర్చొని, అది ముఖ్యమైన పనే అన్నట్టు ప్రశ్నలు వేయడం నాకు అప్పటిదాకా జరగలేదు. దానికి నేను ఆయనకు ఎప్పుడూ థ్యాంక్స్ చెప్పలేదు. మా ఇళ్లల్లో ఆ మాట వాడం.

ఆటలోని అబద్ధాలు మామ తేలిగ్గా పట్టేవాడు.

"గీడు మూడు ఇనుప అంగీలు, నాలుగు కత్తులు ఏడ దాసుకొని ఉరుకుతుండు?"

"సంచిల ఉన్నయ్ మామా."

"ఏది సంచి?"

సంచి కనిపించదు. కడుపులో పొడిచిన గాయానికి గుడ్డ చుట్టుకోగానే మనిషి లేచి నిలబడితే, "గా గుడ్డ మనకు గుడ తెప్పియ్యి," అనేవాడు. కానీ కొట్లాట మొదలైతే తెరకు దగ్గరగా జరిగేవాడు. ఇద్దరు మనుషులు కత్తి కొసలు ఒకరి ముఖానికొకరు చూపిస్తూ, అడుగు ముందుకు, అడుగు వెనక్కి, కొట్టకుండా తిరుగుతుంటే మామ ఊపిరి బిగబట్టేవాడు.

"కొట్టినప్పటికంటె కొట్టకముందే భయమైతుంది," అన్నాడొకసారి. "మేం భాగోతంల వచ్చుడు వచ్చుడే టకటక కొట్టుకుంటం. భయమెక్కడిది? దమ్మెక్కడిది?"

ఆ మాటతోనే మొదలైంది. దరువుకొక దెబ్బ కొట్టకుండా, నిజం మనుషుల్లా ఆగి, చూసి, ఎప్పుడో ఒక దెబ్బ కొడితే? దమ్ము మిగులుతుంది. ఆయాసపడ్డా అది యుద్ధంలో భాగమే అవుతుంది. నాకు ఇట్లా అనిపించింది, మామకు చెప్పాను. మామ వెంటనే ఒప్పుకోలేదు.

"ఉత్తగ నిలబడితె జనం లేచి పోతరు బిడ్డా. ఎనుక కూసున్నోళ్లకు మనం చీమలంత కనబడుతం. చిన్న అడుగు ఏస్తె ఎవలకు తెలుస్తది? జెర పెద్దగ ఉండాలె."

అది ఆటలో లేని సంగతి. ఆటలో మనం మన కళ్లతోనే చూస్తాం. వెనక వరుస ఉండదు. అందుకని వాకిట్లో కందికట్టెలు పట్టుకొని ఇద్దరం చూసుకున్నాం, ఎంత అడుగు వేస్తే గోడ దగ్గరి నుంచి కనిపిస్తుందో అని. అత్త గోడ దగ్గర బియ్యం చెరుగుతూ ఉండేది.

"చదువుకునే పిల్లను గట్ల కట్టె పట్టిస్తవా? రేపు అత్తగారింట్ల గదే పడితె?" అంది మామతో.

"మంచిదే గద," అన్నాడు మామ.

నాకు ఆ రోజు తెలిసింది ఒకటి రాయాలి. ఆటలో నేను ఎన్ని యుద్ధాలు చేశానో లెక్క లేదు. కందికట్టె ఎత్తి పట్టుకొని కాసేపు నిలబడేసరికి మణికట్టు లాగేసింది. మామ కట్టె నా ముఖం వైపు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుపోయాయి. మీట నొక్కడానికి బరువు లేదు. అసలు కత్తి బరువు సంగతి పక్కన పెడితే, ఎదురుగా ఉన్నది చిన్నప్పుడు నన్ను ఎత్తుకొని తిరిగిన మనిషి అయినా నా ఒళ్లు నమ్మలేదు.

"నీ కంప్యూటర్ల మనిషి కండ్లు మూసుకోడా?" అని అడిగాడు మామ.

"మూసుకోడు."

"గట్లయితె గాయినకు కొట్లాట అస్తది గని, భయం రాదు. మనం గా భయం గుడ పెడదాం."

ఆ ఆటను తయారుచేసినవాళ్లు ఎక్కడుంటారో నాకు తెలియదు. కవచాల సందులు, కత్తి పట్టే తీరు, అడుగులు, అన్నీ ఎంతో శ్రద్ధగా పెట్టారు. వాళ్లకూ నేను రుణపడి ఉన్నాను. వాళ్లు ఎంత నిజంగా చేశారో మామ వల్ల తెలిసింది, ఎక్కడ వదిలేశారో కూడా.

గురువు దగ్గర మామ కంప్యూటర్ ఆట పేరెత్తలేదు. చెప్పొద్దని నేనే బతిమాలాను. "పాతకాలపోళ్లు గిట్లనే కొట్టుకునేటోళ్లట," అన్నాడు.

"ఎవలు చెప్పిండ్రు?"

"చదువుకున్నోళ్లు."

గురువు ఒకసారి చూశాడు. మామ, ఆటో అతను కట్టెలు పట్టుకొని ఒకరి చుట్టూ ఒకరు తిరిగారు. గురువుకు ఓపిక పోయింది. "గిది భాగోతమా, బస్టాండా? నిలబడుడేంది?"

"నన్ను గుడ ఏం జేయాల్నో చెప్పుండ్రి," అన్నాడు ఆటో అతను. "కొట్టకుంటె నాకు చేతులు ఊకుంటలెవ్వు."

"నన్నే చూస్తుండు. నేనేడ కొడతనో అని భయపడు," అన్నాడు మామ.

"నిన్ను చూసి భయపడాల్నా మామా?"

అందరూ నవ్వారు. కానీ ఆ నవ్వు మధ్యలోనే మామ ఒక్క అడుగు పెద్దగా ముందుకు వేసి కట్టె కొస అతని గొంతు దగ్గర ఆపాడు. ఆటో అతను నిజంగానే వెనక్కి తగ్గాడు. చిరుతల వాళ్లలో ఒకతను తెలియకుండానే దరువు మెల్లగా వేయడం మొదలుపెట్టాడు. గురువు గడ్డం గోక్కున్నాడు. "సరే. మీరు ఆగినా దరువు ఆగొద్దు. మెల్లగ నడవాలె. ఈ ఒక్కసారి. తప్పిందా, మళ్ల నన్ను అడగొద్దు."

ఇంక హారతి సంగతి మిగిలింది. మామ మధ్యలో కచ్చితంగా వంగుతాడు, ఆగుతాడు. అప్పుడు పోయినేడులాగానే పాట ఎత్తుకుంటే? మామ ఒక గుర్తు పెట్టాడు. ఆటలో చూసిందే. అలిసిపోయిన మనిషి వంగినా కత్తి కొస పైకే ఉంటుంది. ఓడినవాడి కొస నేలకు దిగుతుంది. "కొస లేసి ఉంటె నేనున్నట్టు. నేలకు తాకితె పోయినట్టు." అది చూసి పళ్లెం తీసుకురావాలి. పళ్లెంలో కర్పూరం వెలుగు కదిలాకే హార్మోనియం మొదలవ్వాలి.

"పళ్లెం నువ్వు పట్టాలె బిడ్డా," అన్నాడు.

నేను వద్దన్నాను. ఊరంతా చూస్తుంది. పళ్లెం పడేస్తాను, వేరే ఎవరికైనా చెప్పు అన్నాను. అత్త కూడా నా వైపే మాట్లాడింది.

"గా కొస చూసుడు ఎవలకు అలవాటున్నది? నీకే గద," అన్నాడు మామ. ఇంకేం బలవంతం చేయలేదు. డబ్బీ పీల్చుకొని బయటికి పోయాడు. ఆ డబ్బీని ఆయన నా ముందు దాచకపోవడం నేను అప్పుడే గమనించాను. వెనక నుంచి పిలిచి, పడతాను అన్నాను.

యుద్ధం రోజు పొద్దు వాలకముందే జనం కూర్చున్నారు. మామకు అట్ట కవచం, బంగారు కాగితం, మెడలో పూసలు. టేకు కట్టెతో చేసిన కత్తికి వెండి రంగు. అత్త నా చేతిలో పళ్లెం పెట్టింది. పసుపు, కుంకుమ, మధ్యలో కర్పూరం. కింద చేయి పెట్టి పట్టుకుంటే తెలిసింది, నేను రోజూ లాప్‌టాప్ కింద బోర్లించే పళ్లెమే. అంచు దగ్గరి సొట్ట నా వేలికి తెలుసు.

రాజులిద్దరూ లోపలికి వచ్చారు. దరువు మెల్లగా నడిచింది. ఇద్దరూ తిరుగుతున్నారు, కొట్టుకోవడం లేదు. మొదట్లో ఎవరో ఈల వేశారు. "కొట్టుండ్రి రాజా, బస్సు టైమైతుంది," అన్నారు ఇంకెవరో. మామ పెద్ద అడుగు వేసి ఒకే ఒక దెబ్బ కొట్టాడు. టేకు కట్టెలు తగిలిన చప్పుడు అందరికీ వినిపించింది. ఆ తర్వాత ఈల రాలేదు. ముందు వరుసలో పిల్లలు మోకాళ్ల మీద లేచారు.

కొంతసేపటికి మామ వంగాడు. నిజం ఆయాసమే. ఛాతీ లేచి పడడం బంగారు కాగితం మీద కనిపిస్తోంది. ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది. కుడిచేతిలో కత్తి వణుకుతోంది. కొస పైకే ఉంది.

వెనక నుంచి ఆడవాళ్లు నన్ను తోశారు. "పో పిల్లా, పడ్డడు. పో." నేను కదల్లేదు. హార్మోనియం పెద్దాయన అలవాటు కొద్దీ తిత్తి లాగాడు, మొదటి స్వరం లేచింది. జనంలో ఒక మూల నవ్వు మొదలైంది. అది పోయినేటి నవ్వే, నాకు గుర్తే. మామ తల ఎత్తలేదు. ఆయనకు ఆ స్వరం వినిపించిందని ఆయన మెడ చూస్తే తెలిసింది.

"ఇంకా పడలే," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చిరుతల వాళ్లు నా వైపు తిరిగారు. హార్మోనియం పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టాడు.

"రాజు ఇంకా పడలే. పాట ఆపుండ్రి."

స్వరం ఆగింది. దరువు మాత్రం మెల్లగా నడుస్తూనే ఉంది. ఆటో అతను కత్తి పట్టుకొని ఎదురుచూస్తున్నాడు, ఈసారి ఏం చేయాలో తెలియక కాదు, మామకు భయపడుతూ. మామ ఒక పెద్ద ఊపిరి తీసుకొని, ఇంకోటి తీసుకొని, నడుము ఎత్తాడు. ఆయన మళ్లీ పెద్ద అడుగు వేశాడు, కత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి కింద, అట్ట కవచం కలవని చోట, పడుచు రాజు పొడిచాడు. మేం వాకిట్లో కందికట్టెతో చూసుకున్న చోటే.

మామ వెంటనే పడలేదు. ఆశ్చర్యపోయినట్టు ఎదుటివాడిని చూశాడు. ఒక మోకాలు, తర్వాత రెండోది. కొస మెల్లగా వాలి మట్టిని తాకింది. అప్పుడు పక్కకు ఒరిగాడు. ముందు వరుసలో ఒక ముసలమ్మ కొంగు నోటికి పెట్టుకుంది. గురువు గడ్డం మీది చెయ్యి తీయడం మరిచిపోయాడు.

నేను కర్పూరం వెలిగించి నడిచాను. వెనక హార్మోనియం మొదలైంది. అందరూ చూస్తూనే ఉన్నారు, పళ్లెం మాత్రం పడలేదు. మామ పక్కన మోకాళ్ల మీద కూర్చొని, పొగ ముఖానికి తగలకుండా కొంచెం దూరంగా హారతి తిప్పాను. ఆయన కళ్లు మూసుకొని ఉన్నాడు. ఛాతీ ఇంకా గబగబా లేస్తోంది. మీసం కింద పెదవులు మాత్రం కదిలాయి.

"నిమ్మలంగ తిప్పు బిడ్డా. జెరసేపు పండుకోనియ్యి."